పొగగొట్టంలో డబ్బా తీయించకండి

పాత కారు లాగడం లేదని విజయవాడ ఆటోనగర్‌కు తీసుకెళ్ళారనుకోండి. "పొగగొట్టంలో ఆ డబ్బా తీసేస్తే లాగుతుందండీ" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అది కెటలిటిక్ కన్వర్టర్. 1995లో మొదట నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు తప్పనిసరి చేశారు. పొగలోని కార్బన్ మోనాక్సైడు విషాన్ని చాలావరకు విరిచేది అదే. ఆ వాయువుకు రంగూ వాసనా లేవు. రక్తంలోని హిమోగ్లోబినును ప్రాణవాయువుకంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది.

షెడ్డులో ఇంజను ఆడుతుండగా తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి వస్తే, వేడి చేసిందనుకుని మజ్జిగ తాగి పడుకోకండి. వెంటనే ఆరుబయటికి వచ్చి 108కి ఫోన్ చేయండి. గర్భిణులకూ గుండెజబ్బువారికీ మరీ ప్రమాదం.

డబ్బా పూడుకుపోతే కొత్తది వేయించండి. ఇంజనులో ఆయిలు కాలుతోందేమో కూడా చూపించండి. డబ్బా ఉన్నా తలుపులు మూసి ఇంజను ఆడించవద్దు. వేడెక్కేదాకా అది పనిచేయదు.