రికార్డింగు పెట్టె కంపెనీదా, మన చేతిదా? అపోహలు – వాస్తవాలు

పుట్టపర్తి దగ్గరి కొత్తచెరువులో మిద్దెల మీది డిష్‌లు చాలావరకు ఆగ్నేయం వైపే చూస్తుంటాయి. టాటా ప్లే ఉపగ్రహం 83, డీడీ ఫ్రీ డిష్‌ది 93.5, ఎయిర్‌టెల్‌ది 108.2 డిగ్రీల తూర్పు రేఖాంశాల దగ్గర, భూమధ్యరేఖకు పైన ఉండటమే దానికి కారణం. అక్కడి నుంచి దిగే కార్యక్రమాన్ని పట్టి దాచుకోవాల్సిన అవసరం ఈ ప్రాంతంలో చాలామందికి ఉంది. పగలంతా మగ్గం దిగని ధర్మవరం నేతగాడికీ, చీకటి పడ్డాక ఇల్లు చేరే రైతుకూ కార్యక్రమం వచ్చే వేళకు తీరిక దొరకదు.

దాచుకోవడానికి దారులు రెండు. ఒకటి డీటీహెచ్ కంపెనీ ఇచ్చే రికార్డింగు బాక్సు. రెండోది కంప్యూటరుకు ఉపగ్రహ ట్యూనరు తగిలించి సొంతంగా కట్టుకునే రికార్డరు. ఈ రెండింటి గురించీ ప్రచారంలో ఉన్న తప్పుడు మాటలు నమ్మి డబ్బు పోగొట్టుకోకుండా ఉండాలంటే అసలు సంగతి తెలియాలి.

అపోహ: సొంత రికార్డరు ఉంటే పే ఛానెళ్లన్నీ ఉచితంగా వస్తాయి.

వాస్తవం: రావు. ఈటీవీ, జెమిని, స్టార్ మా, జీ తెలుగు వంటి పే ఛానెళ్లను డీటీహెచ్ కంపెనీలు తాళం వేసి పంపుతాయి. ఆ తాళంచెవి కంపెనీ బాక్సులోని కార్డులోనో చిప్పులోనో ఉంటుంది. మన ట్యూనరు సిగ్నల్‌ను అందుకున్నా బొమ్మ కట్టదు. చందా లేకుండా అన్ని ఛానెళ్లూ చూపిస్తామని బాక్సులు అమ్మేవారు చేసేది దొంగతనం. హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో ఇలాంటి రక్షణను ఛేదిస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా ఉంటాయని 2012 సవరణతో కాపీరైట్ చట్టంలో చేరిన 65ఎ సెక్షన్ చెబుతోంది.

అపోహ: అలాగైతే సొంత రికార్డరుతో పట్టడానికి ఏమీ మిగలదు.

వాస్తవం: చాలానే ఉంది. దూరదర్శన్ ఉచిత డీటీహెచ్ 2004 డిసెంబరులో మొదలైంది. నేటి డీడీ ఫ్రీ డిష్ అదే. ఇప్పుడది 2015 నవంబరులో ప్రయోగించిన జీశాట్-15 మీద నడుస్తోంది. కొత్తచెరువు నుంచి ఆ ఉపగ్రహం ఆగ్నేయంలో సుమారు 65 డిగ్రీల ఎత్తున ఉంటుంది. కాబట్టి మధ్యలో చెట్టో గోడో అడ్డొచ్చే బెడద తక్కువ. 2017 జులైలో 32 ఛానెళ్లతో ప్రారంభమైన స్వయంప్రభ పాఠాలూ ఉచితమే. డిగ్రీ చదివే పిల్లలు వాటిని దాచుకుని, అర్థం కానిచోట ఆపి మళ్లీ వినవచ్చు. ఫ్రీ డిష్‌లో కొన్ని ఎంపెగ్-4 ఛానెళ్లకు మాత్రం అధీకృత బాక్సు కావాలి. మీకు కావలసిన ఛానెల్ తాళం లేకుండా వస్తోందో లేదో ట్యూనరు కొనకముందే తెలుసుకోండి.

అపోహ: కంపెనీ బాక్సులో రికార్డు చేసింది ఎప్పటికీ మనదే.

వాస్తవం: అది ఆ బాక్సుకు కట్టుబడి ఉంటుంది. మన దేశంలో టాటా స్కై (నేటి టాటా ప్లే) వారి రికార్డింగు బాక్సు టాటా స్కై ప్లస్ 2008 అక్టోబరులో వచ్చినప్పటి నుంచీ పద్ధతి ఇదే: హార్డ్ డిస్కులో కార్యక్రమం తాళంతోనే నిలవ ఉంటుంది. డిస్కును ఊడదీసి కంప్యూటరుకు తగిలించినా ఫైలు తెరుచుకోదు. బాక్సు చెడి కొత్తది వస్తే పాత రికార్డింగులు సాధారణంగా దక్కవు. చందా ఆగితే దాచినవి చూడటం కూడా చాలా బాక్సుల్లో ఆగిపోతుంది.

కంపెనీ మీద ఆధారపడిన పరికరం గతి ఏమవుతుందో పుట్టపర్తి చుట్టుపక్కల వారికి చెప్పనక్కర్లేదు. 2001 నవంబరులో సత్యసాయి సంస్థ వారి రేడియో సాయి, వరల్డ్‌స్పేస్ కంపెనీ ఉపగ్రహం ద్వారా మొదలైంది. ఆ కంపెనీ 2008లో దివాలా తీసింది, 2009 డిసెంబరు 31తో భారతదేశంలో దాని చందా సేవలు ముగిశాయి. డబ్బు పోసి కొన్న రిసీవర్లలో చందా ఛానెళ్లు మూగబోయాయి. ఒక కంపెనీ బాక్సు మరో కంపెనీకి పనికొచ్చేలా ఉండాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2020 ఏప్రిల్‌లో సిఫార్సు చేసింది కూడా వినియోగదారుడు ఇలా ఒకే కంపెనీకి చిక్కుకోకూడదనే.

సొంత రికార్డరులో ఉచిత ఛానెల్ మామూలు వీడియో ఫైలుగా పడుతుంది. దాన్ని ఏ కంప్యూటరులోనైనా చూడవచ్చు, మరో డిస్కులోకి మార్చుకోవచ్చు.

అపోహ: ఒక ట్యూనరుతో ఒక్క ఛానెలే రికార్డవుతుంది.

వాస్తవం: ఉపగ్రహంలోని ఒక్కో ట్రాన్స్‌పాండర్ ఎన్నో ఛానెళ్లను ఒకే ప్రవాహంగా పంపుతుంది. ట్యూనరు ఆ ప్రవాహం మొత్తాన్నీ అందుకుంటుంది. టీవీహెడ్‌ఎండ్, 2002లో మొదలైన మిత్‌టీవీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు అందులోంచి రెండు మూడు ఛానెళ్లను ఒకేసారి విడదీసి దాచగలవు. కావలసిన ఛానెళ్లు వేర్వేరు ట్రాన్స్‌పాండర్లలో ఉంటేనే రెండో ట్యూనరు కావాలి. అప్పుడు డిష్ నుంచి మామూలుగా రెండో కేబులూ లాగాలి. టాటా స్కై ప్లస్‌కు రెండు కేబుళ్లు వేసింది అందుకే.

అపోహ: రికార్డు చేస్తే బొమ్మ నాణ్యత తగ్గుతుంది, నెట్ డేటా అయిపోతుంది.

వాస్తవం: ఉపగ్రహం నుంచి వచ్చిన డిజిటల్ సమాచారమే యథాతథంగా డిస్కులోకి వెళ్తుంది. బొమ్మ మసకబారదు, ఇంటర్నెట్టుతో పనే లేదు. సెకనుకు 3 మెగాబిట్ల ఛానెల్‌కు గంటకు సుమారు 1.35 జీబీ పడుతుంది. 1 టీబీ డిస్కులో అలాంటివి 740 గంటలు నిలుస్తాయి. అయితే జోరువానకు సిగ్నల్ పోతే ఆ ఖాళీ కూడా రికార్డవుతుంది. దాన్ని ఏ బాక్సూ పూడ్చలేదు.

అపోహ: సొంతంగా కట్టుకోవడం ఎప్పుడూ చవకే.

వాస్తవం: 60 వాట్లు లాగే పాత డెస్క్‌టాప్ రాత్రింబవళ్లు నడిస్తే నెలకు 43 యూనిట్ల కరెంటు కాలుతుంది. 10 వాట్ల చిన్న బోర్డు కంప్యూటరుకైతే 7 యూనిట్లే. కరెంటు పోయిన సమయంలో ఏ రికార్డరూ పనిచేయదు కాబట్టి ఇన్వర్టరు ఖర్చూ లెక్కలోకి రావాలి. కార్యక్రమాల పట్టిక సరిచూసుకోవడం, వేళకు ముందూ వెనకా కొన్ని నిమిషాలు కలిపి పెట్టడం, సాఫ్ట్‌వేరు మొరాయిస్తే సరిచేసుకోవడం మన పనే అవుతుంది. ఈ విషయంలో కంపెనీ బాక్సుదే పైచేయి. రిమోట్ మీద ఒక్క బటన్ నొక్కితే సీరియల్ ఎపిసోడ్లన్నీ వరసగా దాచి పెడుతుంది.

అపోహ: టీవీ కార్యక్రమం రికార్డు చేయడమే నేరం.

వాస్తవం: సొంత అవసరానికి చేసే న్యాయమైన వినియోగాన్ని 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ మినహాయించింది. అమెరికాలోనూ తర్వాత చూడటానికి ఇంట్లో రికార్డు చేసుకోవడం న్యాయమైన వినియోగమేనని సుప్రీంకోర్టు 1984లో సోనీ బీటామ్యాక్స్ కేసులో తేల్చింది. కానీ అనుమతి లేకుండా ఆ ఫైలును యూట్యూబులో పెట్టడం, అమ్మడం, ఊరి కేబుల్‌లో వేయడం ఈ మినహాయింపులోకి రావు.

ఇంతకీ ఏది కొనాలి? మీ ఇంట్లో ఏం చూస్తారో దాన్నిబట్టే నిర్ణయించండి. సినిమాలు, సీరియళ్లు, పే ఛానెళ్లలో క్రికెట్ ముఖ్యమైతే కంపెనీ బాక్సే తీసుకోండి, అందులో దాచింది శాశ్వతమని మాత్రం అనుకోకండి. దూరదర్శన్ కార్యక్రమాలు, పిల్లల పాఠాలు ఏళ్ల తరబడి ఉండాలనుకుంటే సొంత రికార్డరు కట్టుకుని, ముఖ్యమైన ఫైళ్లను రెండో డిస్కులోకీ ఎక్కించండి. చందా కట్టే ఇంట్లో కూడా ఉచిత ఛానెళ్ల కోసం ఈ రెండో ఏర్పాటు పెట్టుకోవచ్చు. ఏది ఎంచుకున్నా డబ్బు చేతులు మారకముందే దుకాణదారుని ఒక్క మాట అడగండి: ఇందులో రికార్డు చేసింది, ఈ బాక్సు పోయాక నేను చూడగలనా? ఆయన చెప్పే జవాబు మీద మీ నిర్ణయం ఆధారపడాలి.