సైగల భాష, నాటకరంగం, వర్చువల్ రియాలిటీ: ఒక పరిశీలన

వర్చువల్ రియాలిటీ నాటకంలో ప్రేక్షకుడు కండ్లకు హెడ్‌సెట్ తగిలించుకొని కథ జరిగే స్థలం మధ్యనే నిలుస్తాడు. తల ఏ వైపు తిప్పితే ఆ వైపు దృశ్యం కనబడుతుంది. బధిరుల జీవితాన్ని ఈ పద్ధతిలో రెండు విధాలుగా చూపవచ్చు. శబ్దాన్ని ఆపివేసి, వినికిడి గలవారికి చెవుడు ఎలా ఉంటుందో తెలియజేయడం ఒకటి. సైగల భాష మాట్లాడేవారి మధ్య వారిని నిలబెట్టడం మరొకటి. మొదటిది జాలి పుట్టిస్తుంది. రెండవదానిలో భాష రానివారం మనమే. ఈ రెండవ మార్గమే సరియైనదని మేము భావిస్తున్నాము.

1880లో మిలాన్‌లో జరిగిన బధిర విద్యా మహాసభ సైగలకంటె నోటి మాటే శ్రేష్ఠమని తీర్మానించింది. దాని ఫలితంగా పాశ్చాత్య దేశాలలో ఎందరో బధిర బాలలు పాఠశాలలో తమ భాషను దాచుకోవలసి వచ్చింది. 1960లో విలియం స్టోకో అమెరికన్ సైగల భాషకు స్వంత నిర్మాణమున్నదని నిరూపించాడు. 1967లో అక్కడ నేషనల్ థియేటర్ ఆఫ్ ది డెఫ్ ఏర్పడింది. డెఫ్ వెస్ట్ సంస్థ 2015లో బ్రాడ్‌వేపై ప్రదర్శించిన 'స్ప్రింగ్ అవేకనింగ్'లో కొన్ని పాత్రలను ఇద్దరేసి పోషించారు: ఒకరు సైగలతో, మరొకరు గొంతుతో.

సైగల భాషలో స్థలం కూడా వ్యాకరణమే. ఒకరిని కుడివైపున, మరొకరిని ఎడమవైపున ఊహించి, 'ఇచ్చు' అనే సైగను ఒక చోటినుండి మరొక చోటికి కదిలిస్తే ఎవరు ఎవరికిచ్చారో తెలుస్తుంది. చదునైన తెరపై తగ్గిపోయే ఈ లోతు హెడ్‌సెట్‌లో నిలుస్తుంది. అయితే ప్రేక్షకుడు తిరిగి సైగ చేయబోతే చిక్కు వస్తుంది. అమెరికన్ సైగల భాషలో అవును-కాదు ప్రశ్నకు కనుబొమలు పైకి లేస్తాయి. ఎవరు, ఎక్కడ అనే ప్రశ్నలకు ముడిపడతాయి. హెడ్‌సెట్ కప్పివేసేది సరిగ్గా ఆ కనుబొమలనే! ముఖ కదలికలను గుర్తించే క్వెస్ట్ ప్రో 2022లో వచ్చినప్పుడు దాని ధర 1,500 డాలర్లు.

కాపరులకు దీనితో పనేమి? రోమా 10:17 ఆధారంగా చెవుడు విశ్వాసానికి ఆటంకమని అగస్టీన్ వ్రాశాడు. అయితే బధిరులు సైగలతో సంభాషించగలరని ఆయనే వేరొక గ్రంథంలో అంగీకరించాడు. లూకా 1:62లో బంధువులు జెకర్యాను అడిగినది సైగలతోనే. మార్కు 7:33-34లో ప్రభువు చెవిటివానిని ఏకాంతంగా తీసుకొనిపోయి, మాట పలుకకముందే వ్రేళ్లతో తాకాడు. అమెరికన్ సైగల భాషలో సంపూర్ణ బైబిలు వీడియో రూపంలో 2020లో పూర్తయింది.

హెడ్‌సెట్ కొనగల సంఘాలు మనలో తక్కువే. సైగల అనువాదకుని ప్రసంగీకుని ప్రక్కనే, ముఖంపై వెలుతురు పడేచోట నిలబెట్టడానికి మాత్రం ఖర్చు లేదు. ప్రార్థనలో కండ్లు మూసుకొంటే బధిర విశ్వాసికి ఆ ప్రార్థన అక్కడితో ఆగిపోతుంది. కనుక కండ్లు తెరిచియున్నాడని అతనిని ఎవరూ గద్దించకూడదు.