షాపుకి రాని రేడియోలు.. ఇంటర్వ్యూకి పనికొచ్చే పాఠాలు

మీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ ఇప్పుడెక్కడుంది? ల్యాబ్‌లో బీరువా మీదా? హాస్టల్ గదిలో మంచం కిందా? డెమో రోజు ఎల్‌ఈడీ వెలిగింది, ఎక్స్‌టర్నల్ తలూపారు, మార్కులు పడ్డాయి. అక్కడితో దాని కథ అయిపోయింది. రెజ్యూమెలో మాత్రం ఇంకా బతికే ఉంది కదా!

నాదీ అదే కథ. చదువయ్యాక ఓ ఇంటర్వ్యూలో నా ప్రాజెక్ట్ గురించి గడగడా చెప్పేశాను. ఎదురుగా కూర్చున్నాయన అంతా విని ఒక్కటే అడిగారు: ‘ఇలాంటివి వెయ్యి చేయాలంటే ఏమేం మారుస్తారు?’ నోట మాట రాలేదు. ఒక్కటి పనిచేయించడానికే నాలుగు నెలలు పట్టింది. వెయ్యి సంగతి ఎవరాలోచించారు? ఆ ఉద్యోగం రాలేదు.

ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటుంటే పాత రేడియోల చరిత్ర కంటపడింది. అందులో నన్ను పట్టేసినవి జనం కొన్న రేడియోలు కాదు. డిజైన్ పూర్తయి, నమూనా తయారై, పాట కూడా వినిపించి, చివరికి షాపు గడప తొక్కకుండానే ఆగిపోయినవి. అవెందుకు ఆగాయో తెలిస్తే ఆ ఇంటర్వ్యూ ప్రశ్నకి సగం జవాబు దొరికినట్టే.

ఎగ్జిబిషన్‌లో మోగింది.. అక్కడే ఆగింది

మన తాతల కాలంలో చిన్న రేడియోని ‘ట్రాన్సిస్టర్’ అనే పిలిచేవారు. అంతకుముందు రేడియో అంటే వాల్వులతో పనిచేసే పెద్ద పెట్టె. 1947 చివర్లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ట్రాన్సిస్టర్ పుట్టడంతో రేడియో చేతిలో పట్టేంత చిన్నదయ్యే అవకాశం వచ్చింది.

అదే సమయంలో పారిస్ దగ్గర ఇద్దరు జర్మన్ శాస్త్రవేత్తలు హెర్బర్ట్ మటారే, హైన్రిష్ వెల్కర్ ఇలాంటి పరికరాన్నే సొంతంగా తయారుచేశారు. దానికి ‘ట్రాన్సిస్ట్రాన్’ అని పేరు పెట్టారు. తర్వాత మటారే జర్మనీ వెళ్లి ఇంటర్‌మెటాల్ అనే కంపెనీ మొదలుపెట్టారు. 1953లో డ్యూసెల్‌డార్ఫ్ రేడియో ప్రదర్శనలో ఆ కంపెనీ బ్యాటరీతో నడిచే చిన్న ట్రాన్సిస్టర్ రేడియోని చూపించింది. ప్రపంచంలో అమ్మకానికి వచ్చిన మొదటి ట్రాన్సిస్టర్ రేడియో కంటే ఇది ఏడాదికి పైగా ముందు!

మరి చరిత్రలో ‘మొదటిది’గా దాని పేరెందుకు లేదు? అది ప్రదర్శన వస్తువుగానే మిగిలిపోయింది కాబట్టి. కంపెనీని యజమాని తర్వాత క్లెవైట్ అనే అమెరికన్ సంస్థకి అమ్మేశారు. మటారే కూడా అమెరికా వెళ్లిపోయారు. తెలివికి లోటు లేదు, నమూనా ఉంది. దాన్ని జనం ఇళ్లదాకా తీసుకెళ్లే పని మాత్రం జరగలేదు.

నాలుగు రోజుల నమూనా.. నెలల తరబడి కోతలు

మొదటి పేరు కొట్టేసింది అమెరికాలోని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్. ఇప్పుడు మీరు ల్యాబ్‌లో వాడే చిప్‌ల మీద ‘టీఐ’ అని కనిపిస్తుందే, ఆ కంపెనీయే. 1954 మేలో అక్కడి ఇంజినీర్లు నాలుగే రోజుల్లో రేడియో నమూనా కట్టారు. హ్యాకథాన్ అనుకోండి! కానీ అది ఉన్నది ఉన్నట్టుగా అమ్ముడుపోయే వస్తువు కాదు. అప్పట్లో ట్రాన్సిస్టర్ చాలా ఖరీదు. ఒక్కటి ఎక్కువైనా రేడియో ధర జనానికి అందదు.

పెద్ద రేడియో కంపెనీలు ఆసక్తి చూపలేదు. చివరికి టీవీ సిగ్నల్ బూస్టర్లు చేసే ఐడియా అనే చిన్న కంపెనీ ముందుకొచ్చింది. అక్కడి ఇంజినీర్ రిచర్డ్ కోక్ సర్క్యూట్‌ని నాలుగు ట్రాన్సిస్టర్లకి కుదించారు. ఆ రేడియోయే ‘రీజెన్సీ టీఆర్-1’. 1954 అక్టోబర్ 18న ప్రకటించారు. ధర 49.95 డాలర్లు.

గమనించారా? నమూనాకి నాలుగు రోజులు. దాన్ని వస్తువుగా మార్చడానికి మే నుంచి అక్టోబర్ దాకా పట్టింది. ఆ నెలల్లో జరిగిన పనిలో ఎక్కువ భాగం కొత్తగా చేర్చడం కాదు, తీసేయడం. మన ప్రాజెక్టుల్లో మనం చేసేది సరిగ్గా దీనికి ఉల్టా. ఇంకో సెన్సర్, ఇంకో మాడ్యూల్, ఇంకో యాప్!

ఎండకి లేచిపోయిన జాలీ

ఇప్పుడు అసలు కథ. జపాన్‌లో టోక్యో సుషిన్ కోగ్యో అనే చిన్న కంపెనీ. తర్వాతి కాలంలో దాని పేరే సోనీ. ట్రాన్సిస్టర్ లైసెన్స్ కోసం 25,000 డాలర్లు పెట్టింది. రేడియోకి సరిపడే ట్రాన్సిస్టర్లు మొదట్లో నూటికి ఐదే పనికొచ్చేవి. మిగతావి చెత్తబుట్టకే. అయినా వెనక్కి తగ్గలేదు.

1955 ఆరంభంలో ‘టీఆర్-52’ సిద్ధమైంది. ముందువైపు నిలువునా తెల్లటి ప్లాస్టిక్ జాలీ. చూడ్డానికి న్యూయార్క్‌లోని ఐక్యరాజ్యసమితి భవనంలా ఉండడంతో కంపెనీలో దానికి ఆ భవనం పేరే ముద్దుపేరయింది. కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకరైన అకియో మోరిటా దాన్ని పట్టుకుని అమెరికా వెళ్లారు. బులోవా కంపెనీకి అది నచ్చి లక్ష రేడియోలు కావాలంది. ఒక్కటే షరతు: మీ పేరు వద్దు, మా పేరు వేయాలి.

లక్ష ఆర్డర్ అంటే ఆ చిన్న కంపెనీకి పండగే. టోక్యో ఆఫీసు కూడా ఒప్పుకోమనే చెప్పింది. మోరిటా మాత్రం సొంత పేరు వదులుకోనంటూ కాదనేశారు. ఈ సంగతి మేనేజ్‌మెంట్ క్లాసుల్లో బ్రాండ్ పాఠంగా చెబుతుంటారు. కానీ ఇంజినీర్లు వినాల్సిన భాగం ఆ తర్వాతే ఉంది.

ఎండలు పెరిగాయి. వంద దాకా తయారుచేసిన ఆ రేడియోల్లో జాలీ వంకరపోయి, పెట్టె నుంచి ఊడి పైకి లేవడం మొదలైంది. టీఆర్-52ని అమ్మకానికి పెట్టకుండానే ఆపేశారు. డిజైన్ మార్చి, ఆగస్టులో ‘టీఆర్-55’ని మార్కెట్లోకి తెచ్చారు. సోనీ మొదటి ట్రాన్సిస్టర్ రేడియోగా లోకానికి తెలిసింది అదే.

ఒక్క క్షణం ఆలోచించండి. ఆ లక్ష ఆర్డర్‌కి ఒప్పుకుని ఉంటే? జాలీలు ఊడిన రేడియోలు సముద్రం దాటి పెట్టెల కొద్దీ వెళ్లేవి. సర్క్యూట్ తప్పు కాదు, ట్రాన్సిస్టర్ తప్పు కాదు. ఒక ప్లాస్టిక్ ముక్క కంపెనీని ముంచేసేదే.

అర మిల్లీమీటర్ లెక్క

ఇది మీరు ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన వ్యాకోచమే. సాధారణ ఏబీఎస్ ప్లాస్టిక్ ఒక్కో డిగ్రీకి మీటర్‌కి సుమారు 80 మైక్రోమీటర్లు పెరుగుతుంది. 20 సెంటీమీటర్ల ముక్క 30 డిగ్రీలు వేడెక్కితే దాదాపు అర మిల్లీమీటర్ సాగుతుంది. అల్యూమినియం అయితే అందులో మూడో వంతు కూడా సాగదు. ఈ రెండింటినీ కదలకుండా అతికించేస్తే ఏమవుతుంది? సాగిన ప్లాస్టిక్‌కి చోటు దొరక్క ఉబ్బుతుంది, వంగుతుంది, చివరికి ఊడుతుంది.

ఇప్పుడు మీ ప్రాజెక్ట్ డబ్బాని రెంటచింతల మే నెల ఎండలో ఊహించుకోండి. ఏసీ ల్యాబ్‌లో డెమో ఇచ్చినప్పుడు తెలియని సంగతులు అక్కడ తెలుస్తాయి.

ఉద్యోగాలున్నది ఈ మధ్య దూరంలోనే

నమూనాకీ వస్తువుకీ మధ్య ఉన్న ఈ దూరాన్ని దాటించడమే చాలామంది ఇంజినీర్ల రోజువారీ పని. డిజైన్‌ని ఫ్యాక్టరీ లైన్ మీదకి ఎక్కించేవారిని ఎన్‌పీఐ ఇంజినీర్లంటారు. వేడి, తేమ, కుదుపులకి వస్తువు ఎంత తట్టుకుంటుందో చూసేవారు రిలయబిలిటీ ఇంజినీర్లు. లైన్‌లో ప్రతి బోర్డునీ సెకన్లలో పరీక్షించే ఏర్పాటు చేసేవారు టెస్ట్ ఇంజినీర్లు. విడిభాగాలు ఎక్కడ, ఎంతకి, ఎన్నాళ్లు దొరుకుతాయో చూసేది సోర్సింగ్ విభాగం. ఈసీఈ, ట్రిపుల్‌ఈ, మెకానికల్ వాళ్లకే కాదు, డిప్లొమా వాళ్లకీ వీటిలో దారి ఉంది. శ్రీసిటీ, తిరుపతి, హైదరాబాద్ శివార్లలో ఎలక్ట్రానిక్స్ తయారీ యూనిట్లున్నాయి. కోడింగ్ ఉద్యోగాల వరసలో నిలబడి విసిగిపోయినవాళ్లు ఇటువైపు కూడా ఓసారి చూడండి.

మీ ప్రాజెక్ట్‌కి ఐదు పరీక్షలు

1. రెండోది చేయండి: మొదటిది పనిచేయడం అదృష్టం కావచ్చు. మీరు రాసుకున్న నోట్స్ ఇచ్చి, మీ ఫ్రెండ్‌తో రెండోది కట్టించండి. ఎక్కడ ఆగి మిమ్మల్ని పిలిచారో అక్కడే మీ డిజైన్‌లో లోపముంది.

2. ధరల పట్టిక రాయండి: ప్రతి విడిభాగం పేరు, ఒక్కటి కొంటే ధర, వంద కొంటే ధర. పక్కనే ‘ఇది దొరక్కపోతే ఏది?’ అని ఇంకో వరస. చాలా ప్రాజెక్టులకి ఈ వరస ఖాళీగానే ఉంటుంది.

3. ఒకటి తీసేయండి: కోక్ చేసినట్టు ఏ భాగం లేకున్నా పని నడుస్తుందో చూడండి. డెవలప్‌మెంట్ బోర్డు మొత్తం అవసరమా, చిన్న మైక్రోకంట్రోలర్ సరిపోతుందా?

4. ఎండలో పెట్టండి: మధ్యాహ్నం మేడ మీద రెండు గంటలు ఉంచి, తర్వాత ఆన్ చేయండి. లిథియం బ్యాటరీ ఉంటే ముందే తీసేయడం మర్చిపోవద్దు. జిగురు, టేపు, త్రీడీ ప్రింట్ మూతల సంగతి తేలిపోతుంది.

5. అమ్మ చేతికివ్వండి: మీరేమీ చెప్పకుండా చూడండి. స్విచ్ ఎక్కడుందో ఆమె వెతుక్కుంటుంటే తప్పు ఆమెది కాదు, మీది.

ఇంటి దగ్గర పరికరాలు లేవంటారా? హైదరాబాద్ రాయదుర్గంలో 2023లో మొదలైన టీ-వర్క్స్ నమూనాల తయారీ కోసమే పెట్టిన కేంద్రం. కాలేజీ ఐడియా ల్యాబ్, సీనియర్ల స్టార్టప్, పక్క వీధి మొబైల్ రిపేర్ షాపు.. ఏదైనా మంచి మొదలే.

ఈ ఐదూ చేస్తే మీ ప్రాజెక్ట్ కచ్చితంగా ఎక్కడో ఒకచోట ఫెయిల్ అవుతుంది. దాన్ని దాచకండి. ‘మేడ మీద పెడితే మూత వంగింది, కారణం ఇది, ఇలా మార్చాను’ అని రెజ్యూమెలో ఒక్క వాక్యం రాయండి. ‘ఐఓటీ ఆధారిత స్మార్ట్ సిస్టమ్’ అని పది మంది రాసే వాక్యం కంటే ఇంటర్వ్యూలో ఎక్కువ మాటలు నడిచేది దాని మీదే.

టీఆర్-52 మార్కెట్‌కి రాలేదు. కానీ దాని తప్పు కంపెనీ కళ్ల ముందే బయటపడింది కాబట్టే టీఆర్-55 నిలబడింది. ఈ సాయంత్రం మంచం కింద డబ్బా బయటికి తీయండి. దుమ్ము దులిపి, రెండోది మొదలుపెట్టండి.