జపానులో విదేశీ శ్రామికుల వేతనాలు: ఆశలు, వాస్తవాలు

దూరపు కొండలు నునుపు అని మన పెద్దలు ఊరకే అనలేదు. 1970 దశకంలో చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాలు సంపన్నమైన నాటి నుండి కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల పల్లెల నుండి, హైదరాబాదు పాతబస్తీ నుండి వేలాది మంది అటు పయనమయ్యారు. ఆ దూరపు కొండలను దగ్గరగా చూసి వచ్చినవారు మన ఇరుగుపొరుగుల్లో ఎందరో ఉన్నారు. నేడు మన యువతరం దృష్టి పడమటి నుండి తూర్పునకు, జపాను వైపునకు కూడా మళ్లుతున్నది. “నెలకు లక్షా ఇరవై వేల రూపాయల జీతమట, వెళ్లమంటారా సార్?” అని అడిగే విద్యార్థులు మన కళాశాలలోనూ కనిపిస్తున్నారు. ఈ ప్రశ్నకు అవుననో కాదనో ఒక్క మాటలో జవాబు చెప్పడం న్యాయం కాదు. ఆ అంకె ఎక్కడి నుండి వచ్చినది, అందులో చేతికి దక్కేదెంత, ఆ కొలువు మనిషిని ఎంతవరకు తీసుకుపోగలదు అనే మూడు విషయాలను విచారించిన పిమ్మటనే జవాబు దొరుకుతుంది.

జపానుకు పరదేశీయుల అవసరమేమి?

జపాను జనాభా 2008 ప్రాంతంలో శిఖరాన్ని చేరి, అప్పటి నుండి తగ్గుతూ వస్తున్నది. 2024లో ఆ దేశంలో పుట్టిన జపనీయ శిశువుల సంఖ్య 7 లక్షలకు లోపే. ప్రతి పది మందిలో సుమారు ముగ్గురు 65 ఏళ్లు దాటినవారు. వృద్ధులకు సేవ చేయడానికి, భవనాలు కట్టడానికి, పొలాలలోను ఆహార కర్మాగారాలలోను పనిచేయడానికి తగినంత మంది యువకులు లేరు. అందుచేతనే ఒకప్పుడు పరదేశీయులకు తలుపులు దాదాపు మూసి ఉంచిన ఆ దేశంలో 2024 అక్టోబరు నాటికి 23 లక్షల మంది విదేశీయులు పనిచేస్తున్నారు. వారిలో వియత్నాము వారిది ప్రథమ స్థానం; తరువాత చైనా, ఫిలిప్పీన్స్, నేపాల్ దేశీయులు. మనవారి సంఖ్య ఇంకా స్వల్పమే. అయితే 2025 ఆగస్టులో భారత, జపాను ప్రభుత్వాలు ఐదేళ్లలో 5 లక్షల మంది రాకపోకలను లక్ష్యంగా పెట్టుకొన్నాయి. అందులో 50 వేల మంది నైపుణ్యం గల భారతీయులు జపానుకు వెళ్లాలన్నది ఒక భాగం. కనుక ఈ ప్రశ్న రానున్న సంవత్సరాలలో మన ఇళ్లలో మరింతగా వినిపించగలదు.

మూడు ద్వారాలు

జపానులో విదేశీయుని జీతాన్ని నిర్ణయించేది అతని కష్టం ఒక్కటే కాదు. అతడు ఏ ద్వారం గుండా ప్రవేశించాడన్నది అంతకంటె ముఖ్యం.

మొదటిది పట్టభద్రులైన ఇంజనీర్లు, భాషా నిపుణులు, కార్యాలయ ఉద్యోగులు ప్రవేశించే ద్వారం. దీనికి డిగ్రీ గాని దీర్ఘకాలపు అనుభవం గాని కావాలి. అదే పనిచేసే జపనీయునికి తక్కువ కాని జీతం ఇవ్వాలన్నది నియమం. కుటుంబాన్ని వెంట తీసుకువెళ్లవచ్చును.

రెండవది 2019 ఏప్రిల్‌లో తెరచిన “తొకుతే గినో”, అనగా నిర్దిష్ట నైపుణ్య శ్రామికుల ద్వారం. వృద్ధుల సంరక్షణ, నిర్మాణం, వ్యవసాయం, ఆహార తయారీ, హోటళ్లు మొదలైన 14 రంగాలతో ఇది ప్రారంభమైనది. 2024లో రంగాల సంఖ్యను 16కు పెంచారు. పని పరీక్ష, ప్రాథమిక జపనీయ భాషా పరీక్ష ఉత్తీర్ణులు కావాలి. మొదటి తరగతిలో సాధారణంగా ఐదేళ్ల వరకు ఉండవచ్చును గాని కుటుంబాన్ని తీసుకుపోరాదు. ఈ విధానం కోసం మన దేశం జపానుతో 2021 జనవరిలో ఒప్పందం చేసుకొన్నది.

మూడవది 1993లో ఏర్పడిన సాంకేతిక శిక్షణార్థుల పథకం. పేరుకు శిక్షణ, ఆచరణలో శ్రమ. యజమానిని మార్చుకొనే స్వేచ్ఛ లేకపోవడం దీనిలోని పెద్ద లోపం. 2023లో 9,700 మందికి పైగా శిక్షణార్థులు పనిచోట్ల నుండి కనిపించకుండా పోయారంటే పరిస్థితిని ఊహించుకోవచ్చును. ఈ పథకాన్ని రద్దుచేసి 2027 ఏప్రిల్ నుండి కొత్త పద్ధతిని ప్రవేశపెట్టడానికి జపాను పార్లమెంటు 2024 జూన్‌లో చట్టం చేసింది. కొత్త పద్ధతిలో కొన్ని షరతులకు లోబడి, ఒకటి రెండేళ్ల తరువాత అదే రంగంలో మరొక యజమాని వద్దకు మారవచ్చును.

అంకెల వెనుక కథ

జపాను ప్రభుత్వపు వేతన సర్వే ప్రకారం 2024లో దేశంలోని పూర్తికాలపు ఉద్యోగుల సగటు నెల జీతం సుమారు 3 లక్షల 30 వేల యెన్నులు. విదేశీయుల సగటు 2 లక్షల 42 వేలు. వారిలో పట్టభద్రులైన నిపుణులకు 2 లక్షల 92 వేలు, నిర్దిష్ట నైపుణ్య శ్రామికులకు 2 లక్షల 11 వేలు, శిక్షణార్థులకు 1 లక్షా 82 వేలు. ద్వారం మారితే జీతం ఎంత మారుతుందో ఈ అంకెలే చెబుతున్నవి.

ఈ 2 లక్షల 11 వేలకు మూలమేమో చూద్దాము. జపానులో కనీస వేతనం గంటల లెక్కన నిర్ణయమవుతుంది, రాష్ట్రానికొక తీరుగా ఉంటుంది. 2025లో టోక్యోలో గంటకు 1,226 యెన్నులుగా, అన్నింటికంటె తక్కువగా కోచి, మియాజాకి, ఒకినావా రాష్ట్రాలలో 1,023 యెన్నులుగా నిర్ణయించారు. వారానికి 40 గంటల చొప్పున నెలకు సుమారు 173 గంటలు. టోక్యో రేటుతో గుణిస్తే 2 లక్షల 12 వేలు, కోచి రేటుతో 1 లక్షా 77 వేలు వస్తుంది. అనగా మనకు గొప్పగా వినిపించే జీతం అక్కడి చట్టం నిర్దేశించిన కనిష్ఠానికి చేరువలోనే ఉన్నదన్నమాట.

చేతికి వచ్చేదెంత?

గల్ఫ్ దేశాలలో శ్రామికుని జీతంపై ఆదాయపు పన్ను లేదు. జపానులో అట్లా కాదు. ఒప్పందంలో వ్రాసిన జీతం వేరు, జపనీయులు “తెదోరి” అని పిలిచే చేతి జీతం వేరు. 2 లక్షల 11 వేల జీతం నుండి ఆరోగ్య బీమాకు సుమారు 10,500, పెన్షనుకు 9.15 శాతం చొప్పున 19,300, ఉద్యోగ బీమాకు, ఆదాయపు పన్నుకు కలిపి మరొక నాలుగైదు వేలు పోతాయి. మొత్తం 35 వేలు. మిగిలినది 1 లక్షా 76 వేలు. అద్దె, విద్యుత్తు, నీరు కలిపి 40 వేలు, భోజనానికి 35 వేలు, ఫోను, ప్రయాణం, బట్టలకు 15 వేలు అనుకొంటే మిగిలేది 86 వేల యెన్నులు. 100 యెన్నులకు 58 రూపాయల చొప్పున ఇది సుమారు 50 వేల రూపాయలు. ఏజెంటు చెప్పిన లక్షా ఇరవై వేలు ఈ విధంగా యాభై వేలైనది. ఇది అంచనా మాత్రమే. పొదుపరికి కొంత ఎక్కువ మిగలవచ్చు, పెద్ద నగరాలలో అద్దెలు దీనిని ఇంకా తగ్గించవచ్చు.

ఇందులో మరొక మెలిక ఉన్నది. స్థానిక నివాస పన్ను గత సంవత్సరపు ఆదాయం మీద పడుతుంది. కనుక మొదటి ఏడాది అది ఉండదు. రెండవ ఏడాది జూన్ నుండి నెలకు ఏడెనిమిది వేల యెన్నులు కోతపడుతుంది. జీతం పెరుగుతుందని ఎదురుచూసేవానికి చేతికి వచ్చేది తగ్గడం ఆశ్చర్యం కలిగిస్తుంది. ఇది మోసం కాదు, ముందుగా ఎవరూ చెప్పకపోవడమే లోపం.

పెన్షను కోత మాత్రం పూర్తిగా పోయినట్టు కాదు. దేశం విడిచిన రెండేళ్లలోగా దరఖాస్తు చేసుకొంటే కొంత సొమ్ము ఏకమొత్తంగా తిరిగి వస్తుంది. లేదా, 2016 అక్టోబరు నుండి అమలులో ఉన్న భారత, జపాను సామాజిక భద్రతా ఒప్పందం ప్రకారం రెండు దేశాలలో చందా కట్టిన కాలాన్ని కలిపి లెక్కించుకొనే వీలున్నది. ఏకమొత్తం తీసుకొన్నవారికి ఆ కాలం లెక్కలోకి రాదు. కనుక ఆలోచించి నిర్ణయించుకోవాలి.

వీటన్నింటికంటె భయంకరమైనది ప్రయాణానికి ముందే చేసే అప్పు. 2022లో జపాను ప్రభుత్వం వెలువరించిన సర్వేలో శిక్షణార్థులలో సగానికి పైగా స్వదేశంలో అప్పుచేసి వచ్చినవారేనని, ఆ అప్పు సగటున 5 లక్షల 47 వేల యెన్నులని తేలింది. మన లెక్క ప్రకారం ఆ అసలు తీరడానికే ఆరు నెలలకు పైగా పడుతుంది. వడ్డీ వేరు. అప్పుతో వెళ్లినవాడు అన్యాయం జరిగినా నోరు మెదపలేడు.

నిచ్చెన ఉన్నదా?

జపాను కంపెనీలలో పట్టభద్రునికి ఇచ్చే తొలి జీతం మొదటి నుండి తక్కువే. 2024లో అది సగటున 2 లక్షల 48 వేలు. ఏటేటా అనుభవంతో జీతం పెరగడం, ఏడాదికి రెండు బోనసులు, పదవీ విరమణ వరకు ఉద్యోగ భద్రత అన్న ఏర్పాటు ఆ తక్కువకు ప్రతిఫలం. అది నిచ్చెన మొదటి మెట్టు. కాని ఐదేళ్ల గడువుతో వెళ్లిన శ్రామికునికి ఆ మొదటి మెట్టు జీతం దొరుకుతుంది గాని, తరచుగా పై మెట్లు దొరకవు.

ఆ మెట్లు తెచ్చుకోవడానికి మార్గం లేకపోలేదు. నిర్దిష్ట నైపుణ్యంలో రెండవ తరగతికి ఎదిగినవారు గడువు లేకుండా ఉండవచ్చును, భార్యాబిడ్డలను పిలిపించుకోవచ్చును. సంరక్షణ పనిలో ఉన్నవారు జాతీయ సంరక్షకుల పరీక్ష ఉత్తీర్ణులైతే అటువంటి సౌకర్యమే లభిస్తుంది. ఈ పరీక్షలన్నింటికీ తాళపుచెవి జపనీయ భాష. పని ఎంత వచ్చినా భాష రానివాడు మొదటి మెట్టు మీదనే నిలిచిపోతాడు.

యజమానులు ఆశించేది కూడా ఇదే. సమయపాలన, శుభ్రత, ఏ చిన్న విషయమైనా పైవారికి నివేదించి, తోటివారికి తెలియజేసి, సంప్రదించి చేయడం వారి కార్యాలయ ధర్మం. దీనినే “హోరెన్‌సో” అంటారు. పొరపాటును దాచడం వారి దృష్టిలో పొరపాటుకంటె పెద్ద తప్పు.

చట్టం ఇచ్చే రక్షణ

1947 నాటి జపాను కార్మిక ప్రమాణాల చట్టం జాతీయతను బట్టి వేతనంలో వివక్ష చూపరాదని చెబుతున్నది. రోజుకు 8 గంటలు దాటిన పనికి 25 శాతం, వారపు సెలవునాటి పనికి 35 శాతం అదనంగా ఇవ్వాలి. ఆరు నెలలు సక్రమంగా పనిచేసినవారికి జీతంతో కూడిన 10 రోజుల సెలవు హక్కుగా వస్తుంది. పని మానివేస్తే ఇంత జరిమానా అని ఒప్పందంలో వ్రాయడం చెల్లదు. అన్యాయం జరిగితే కార్మిక ప్రమాణాల పర్యవేక్షణ కార్యాలయానికి ఫిర్యాదు చేయవచ్చును.

ఇక మన వైపు, 1983 నాటి వలసల చట్టం ప్రకారం రిజిస్టరైన ఏజెంట్లు మాత్రమే విదేశీ కొలువులకు మనుషులను పంపాలి. వారు తీసుకొనే రుసుము 30 వేల రూపాయలు, దానిపై పన్ను మించరాదు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా జపాను కొలువులకు అభ్యర్థులను ఎంపిక చేస్తున్నది. లక్షలు అడిగే దళారిని ఆశ్రయించే ముందు ఈ మార్గాలను విచారించడం వివేకం.

కనుక విద్యార్థి మిత్రులారా, “వెళ్లమంటారా?” అన్న ప్రశ్నకు నా జవాబు ఇది. వెళ్లండి, కాని జీతం అంకెను చూసి కాదు. చేతి జీతమెంతో కాగితం మీద లెక్క కట్టి, నెత్తిన అప్పు లేకుండా, భాష నేర్చుకొని, పై మెట్టు ఎక్కడున్నదో తెలుసుకొని వెళ్లండి. ఆ నాలుగూ సమకూరినవానికి దూరపు కొండ దగ్గరైన పిమ్మట కూడా ఎక్కదగినదిగానే ఉంటుంది.