బరువే పట్టుగా మారే యంత్రం

పుంగనూరు చింతపండుకు పేరున్న ఊరు. ఎండలు ముదిరే వేళకు మదనపల్లె, పుంగనూరు చుట్టుపక్కల తోపుల్లో చింతకాయ రాల్చే పని మొదలవుతుంది. చెట్టెక్కే మనిషి దగ్గర ఉండేది ఒక పొడవాటి కర్ర, అంతే. కొమ్మ చివరికంటా పాకి, ఒక చేత్తో పై రెమ్మను పట్టుకుని, ఇంకో చేత్తో కర్ర ఆడించాలి. కుప్పం వైపు వెళితే కొబ్బరి తోటల్లోనూ ఇదే కథ: కాళ్లకు ఒక తాడు బంధం, మిగతాదంతా చేతుల బలం. కాలు జారితే నడుం విరిగి మంచాన పడడమో, ప్రాణం పోవడమో.

మనిషిని మాను మీద కదలకుండా నిలబెట్టే యంత్రం ఒకటి ప్రపంచంలో ఉంది. దానికి కొన్ని దశాబ్దాల చరిత్ర కూడా ఉంది. అయితే అది పుట్టింది కాయలు కోయడానికి కాదు, జింకను వేటాడడానికి.

జింక జాతికి వాసనే మొదటి కాపలా. నేల మీద నుంచున్న మనిషి వాసనను గాలి నేరుగా దాని ముక్కుకు చేరవేస్తుంది. ఐదారు మీటర్ల ఎత్తులో కూర్చుంటే ఆ వాసన చాలావరకు దాని తల మీదుగా పోతుంది. పైగా జింక చూపు ఎక్కువగా తన ఎత్తులో వచ్చే ప్రమాదం కోసమే వెతుకుతుంది. మన అడవుల్లో వేటగాళ్లు మంచె కట్టింది ఇందుకే. 1910లో బొల్లారంలో పుట్టి బెంగళూరులో స్థిరపడిన కెన్నెత్ ఆండర్సన్ వేట కథల్లో మన సీమ అడవులు తరచూ కనిపిస్తాయి. మదనపల్లె నుంచి తిరుపతి వెళ్లే దారిలోని భాకరాపేట, చామల లోయల పులి కథ ఆయన 1954 నాటి పుస్తకంలో ఉంది. మంచం చట్రానికి నవారు అల్లి, దాన్ని కొమ్మల మధ్య కట్టించుకుని రాత్రంతా కదలకుండా కూర్చునే పద్ధతి ఆయనది. అలాంటి మంచె కట్టాలంటే తగిన పంగ ఉన్న చెట్టు కావాలి, సాయానికి మనుషులు కావాలి, చప్పుడు కాక తప్పదు. ఒక్కడే వెళ్లి, కొమ్మలే లేని నిటారు మానును ఎక్కి, పని కాగానే దిగి, మంచెను భుజాన వేసుకుని ఇంటికి రావాలంటే?

ఈ ప్రశ్నకు జవాబు అమెరికా వేటగాళ్ల నుంచి వచ్చింది. అక్కడ తెల్లతోక జింకను అనుమతి పత్రంతో, నిర్ణీత రోజుల్లో వేటాడవచ్చు. 1970ల నాటికి అక్కడ ప్రచారంలోకి వచ్చిన ఎక్కుడు బల్లలకు కింది భాగం ఒక్కటే ఉండేది. పాదాలను దానికి తగిలించుకుని, మానును రెండు చేతులా కావలించుకుని, ఛాతీ గీసుకుపోతున్నా ఒళ్లంతా పైకి లాగి, బల్లను కాళ్లతో ఎత్తుకోవాలి. తర్వాత చేతులకు ఇంకో చట్రం వచ్చింది. అదే కూర్చునే పీట కూడా అయింది. దాంతో ఎక్కడం తేలికైంది: పై పీట మీద కూర్చుని కాళ్లతో కింది బల్లను పైకి లాగాలి, కింది బల్ల మీద లేచి నిలబడి పై పీటను పైకి జరపాలి. జలగ నడిచినట్టే, ఒక కొస పట్టుకుని ఉండగా రెండో కొస కదులుతుంది.

మేకు లేదు, మర లేదు. మరి అది జారి కింద పడదేం?

సులువుగా చెప్పుకుందాం. మానుకు ముందు వైపు చట్రం పళ్లు ఆనుతాయి. మాను వెనక నుంచి ఒక పట్టీ చుట్టుకుని వచ్చి చట్రానికి బిగుసుకుంటుంది. పట్టీ కొంచెం పైన, పళ్లు కొంచెం కింద ఉంటాయి. మనిషి బల్ల మీద నిలబడగానే బల్ల బయటి అంచు కిందికి వాలబోతుంది. ఆ వాలే ప్రయత్నమే వెనక పట్టీని మానులోకి లాగుతుంది, ముందు పళ్లను మానులోకి నెడుతుంది. నొక్కుడు పెరిగితే ఘర్షణ పెరుగుతుంది, ఆ ఘర్షణే మనిషిని మోస్తుంది.

లెక్క కూడా చిన్నదే. పట్టీకీ పళ్లకూ మధ్య ఎత్తు తేడా 15 సెంటీమీటర్లు, ఘర్షణ ఎంతో చెప్పే అంకె, అంటే ఘర్షణ గుణకం, 0.3 అనుకోండి. ఘర్షణ రెండు వైపులా పనిచేస్తుంది కనుక 15ను 0.6తో భాగించాలి. 25 వస్తుంది. అంటే మాను నడిమధ్య నుంచి కనీసం 25 సెంటీమీటర్ల దూరంలో బరువు పడితే బల్ల జారదు. ఈ లెక్కలో మనిషి బరువు అసలు లేదు! 50 కిలోల మనిషైనా 100 కిలోల మనిషైనా హద్దు అదే, ఎందుకంటే కిందికి లాగే బరువు రెట్టింపైతే పట్టు కూడా రెట్టింపవుతుంది. నన్ను ఈ యంత్రంలో అన్నిటికన్నా ఆకట్టుకున్నది ఇదే. కిందికి తోసే బలాన్నే ఆపే బలంగా మార్చుకుంది.

దాని బలహీనత కూడా ఈ లెక్కలోనే ఉంది. వానకు బెరడు తడిసి గుణకం 0.15కు పడిపోతే, కావలసిన దూరం 50 సెంటీమీటర్లకు పెరుగుతుంది. బల్ల మీదున్న మనిషి మానుకు మరీ దగ్గరగా జరిగినా, బయటి అంచును కాలితో పైకి ఎత్తినా పట్టు వదులుతుంది. బల్లను పైకి జరపడానికి చేసే పని అదే. కోరి చేస్తే అది ఎక్కడం, కోరకుండా జరిగితే పడిపోవడం.

ఎంచుకునేవారు ముందు చూడాల్సింది చెట్టును, తర్వాతే యంత్రాన్ని. మాను నిటారుగా, కొమ్మలు లేకుండా, సుమారు 20 నుంచి 50 సెంటీమీటర్ల అడ్డుకొలతతో ఉండాలి. ఎండిన చెట్టు, పుచ్చిన చెట్టు, పొరలుగా బెరడు ఊడే చెట్టు పనికిరావు. మన హార్స్‌లీ కొండ మీద 1859లో నాటినట్టు చెప్పే కల్యాణి అనే నీలగిరి చెట్టు చూడడానికి ఎంత నిటారుగా ఉన్నా, దాని చుట్టుకొలతకు ఏ పట్టీ చాలదు. లేత నీలగిరి చెట్ల లావు సరిపోతుంది కానీ వాటి నున్నటి మాను మీద పళ్లు నిలవవు. యంత్రం విషయానికొస్తే, అల్యూమినియంది మోయడానికి తేలిక, ఇనుముది చవక కానీ బరువు. చాలా వాటికి 136 కిలోల పరిమితి రాసి ఉంటుంది. బట్టలు, సామాను కలుపుకుని ఆ లోపల ఉండాలి.

మాను పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. దాంతో పట్టీ వదులై బల్ల బయటి అంచు కిందికి వంగుతుంది. అందుకే నేల మీద బిగించేటప్పుడే బయటి అంచును కాస్త పైకి ఎత్తి పెట్టాలి. అప్పుడు పైకి చేరేసరికి బల్ల సమంగా ఉంటుంది. పై పీటనూ కింది బల్లనూ ఒక తాడుతో కలిపి కట్టాలి. లేకపోతే కాళ్ల నుంచి జారిన బల్ల నేలకు చేరుతుంది, మనిషి పీట మీద చిక్కుకుపోతాడు. సామాను మోసుకుంటూ ఎక్కకూడదు, పైకి చేరాక తాడుతో లాక్కోవాలి.

అసలు ప్రాణం కాపాడేది మాత్రం బల్ల కాదు, ఒంటికి కట్టే జీను. భుజాలు, ఛాతీ, తొడలు మూడింటినీ పట్టే జీను కావాలి. నడుం పట్టీ ఒక్కటే ఉంటే పడినప్పుడు ఊపిరి ఆడనివ్వదు. జీనును మానుకు కట్టిన తాడుకు ప్రూసిక్ ముడితో తగిలించాలి. ఆస్ట్రియా పర్వతారోహకుడు కార్ల్ ప్రూసిక్ 1931లో లోకానికి తెలియజెప్పిన ముడి అది. చేత్తో జరిపితే జరుగుతుంది, బరువు పడగానే బిగుస్తుంది. ఇక్కడా బరువే పట్టు. నేల విడిచిన క్షణం నుంచి తిరిగి నేల తాకేదాకా ఈ ముడి తగిలించే ఉండాలి. జీనులో కదలకుండా వేలాడితే కాళ్లలో రక్తం నిలిచి స్పృహ తప్పుతుంది. అందుకని కాలు పెట్టి ఒళ్లు తేలిక చేసుకునే చిన్న పట్టీ ఒకటి జేబులో ఉండాలి.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింక వేట నేరం. అది మంచి చట్టం. కౌండిన్య అభయారణ్యం అంచున కుప్పం, పలమనేరు రైతులు చెట్లూ గుట్టలూ ఎక్కి రాత్రుళ్లు కాపలా కాసేది ఏనుగుల కోసం. ఏనుగు నాలుగు గుంజల మంచెను లెక్కచేయదు. వేటకు ఇక్కడ చోటు లేదు, ఏనుగు కాపలాకు ఈ బల్ల చాలదు. మరి ఈ యంత్రం మనకెందుకు?

కేరళ జవాబు చెప్పింది. కన్నూరు జిల్లా చెంబేరికి చెందిన ఎం.జె. జోసెఫ్ కొబ్బరి చెట్టెక్కడానికి ఒక పరికరం చేశాడు. రెండు ఇనుప చట్రాలు, మానును చుట్టే రెండు లోహపు తాళ్లు, ఒక్కో కాలికి ఒకటి. ఒక కాలు బరువు మోస్తూ బిగుసుకుంటే రెండో కాలు వదులై పైకి కదులుతుంది. వేటగాడి బల్లకూ దీనికీ సూత్రం ఒకటే. కాసరగోడులోని కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ దీనికి భద్రతా పట్టీని జోడించింది. కొబ్బరి అభివృద్ధి మండలి 2011 నుంచి యువతీ యువకులకు ఈ యంత్రాల మీద శిక్షణ ఇచ్చింది. తరతరాలుగా మగవాళ్ల పనిగా ఉన్న దానిలోకి ఆడవాళ్లు కూడా వచ్చారు. తెలంగాణలో కల్లు గీత కార్మికులు చెట్టెక్కడానికి వాడే మోకు, ముస్తాదులకు తోడుగా 2024 జులైలో అక్కడి ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో తాళ్లు, జీనుల కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది.

కుప్పం కొబ్బరికి ఈ దారి తెరిచే ఉంది. కొబ్బరి మాను వేటగాడు కోరుకున్న మాను లాంటిదే, నిటారు, కొమ్మల్లేనిది. చింతకు మాత్రం ఈ బల్ల పనికిరాదు. లావైన వంకర మాను, అడుగడుగునా పంగలు. దానికి కావలసింది బల్ల నుంచి విడదీసిన మిగతా సగం: జీను, తాడు, ప్రూసిక్ ముడి. గట్టి పంగ మీదుగా తాడు వేసి, దానికి తగిలించుకుని కొమ్మ చివరికి వెళ్లే మనిషి జారినా గాలిలో ఆగుతాడు, నేలకు రాడు.

తోపు గుత్తకు తీసుకునే పుంగనూరు వ్యాపారులకూ, తోట యజమానులకూ ఒక మాట. పంట మీద పెట్టే పెట్టుబడిలో చెట్టెక్కే మనిషికి ఒక జీను, ఒక మంచి తాడు ఖర్చు కూడా రాసుకోండి. అవి లేకుండా ఎవరినీ చెట్టెక్కమనకండి.