మర్యాద మఱపునకు పరీక్ష

వృద్ధులకు మతి తప్పెననగానే మనకు మఱపు మాత్రమే స్ఫురించును. కాని ఫ్రాంటోటెంపొరల్ డిమెన్షియా యను మెదడు వ్యాధిలో నడవడిని చెఱచు తెగ యొకటి కలదు. ఇది తఱచుగా 65 ఏండ్లలోపుననే పొడసూపును. మెదడు ముందరి భాగము క్షీణించుటచే, జ్ఞాపకము కొంత నిలిచియుండగనే మర్యాద చెడును. నిన్నటివఱకు శాంతుడైన గృహస్థు క్రొత్తవారి రూపమును వారి యెదుటనే యెగతాళి చేయును. ఇంటివారు దానిని పొగరనుకొందురు.

ఇట్టివారికి లోకమర్యాద యెంత తెలియునో పరీక్షించుటకు సాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున కేథరిన్ రాంకిన్ ప్రభృతులు 22 ప్రశ్నల పత్రమొకటి కూర్చిరి. ఫలాని పని అంతగా పరిచయము లేనివారి యెదుట చేయదగునా? అవుననియో కాదనియో చెప్పవలెను, అంతే. తప్పులు రెండు తెఱగులు: చేయరానిదానిని చేయవచ్చుననుట యొకటి, నిర్దోషమైన పనిని గూడ నిషిద్ధమనుట రెండవది. (మా యుపాధ్యాయులలో నీ రెండవ తెగవారు లేకపోలేదు!)

పత్రమును ఉన్నదున్నట్లు తెనిగించిన చాలదు. వ్రేళ్లతో భుజించుట అచట పెక్కు వంటకముల విషయమున తప్పు, మనకది యాచారము. పెద్దవారిని పేరుపెట్టి పిలుచుట అచట చెల్లును, ఇచట చెల్లదు.

ఇంతకంటె పెద్ద చిక్కు మఱియొకటి. వరుస తప్పి ముందునకు పోరాదని కొందఱు రోగులు సరిగనే చెప్పుదురు; బజారునకు పోయి యట్లే చేయుదురు. కావున వైద్యుడు పత్రముతో తృప్తిపడక, ఆ మనుష్యుడు మునుపెట్టివాడో, ఎప్పటినుండి మాఱెనో భార్యాబిడ్డల నడిగి వ్రాసికొనును.