ప్లాస్టిక్ నమూనాలపై రంగు నిలవాలంటే ముందస్తు పనే కీలకం

రాయ్‌పూర్: విమానాలు, ఓడలు, యుద్ధ ట్యాంకుల ప్లాస్టిక్ నమూనాలను ఇంట్లో కూర్చుకునేవారికి తరచూ ఎదురయ్యే నిరాశ ఒకటుంది. ఎన్నో రోజులు శ్రమించి వేసిన రంగు, గీతల కోసం అంటించిన టేపును తీయగానే దానితో పాటే పొరగా లేచివస్తుంది. చాలాసార్లు లోపం రంగులో ఉండదు. దాని కింది ఉపరితలాన్ని సరిగా సిద్ధం చేయకపోవడమే కారణం.

ఈ కిట్లలోని భాగాలు ఎక్కువగా పాలీస్టైరీన్‌తో తయారవుతాయి. కరిగిన ప్లాస్టిక్‌ను ఒత్తిడితో లోహపు అచ్చుల్లోకి పంపి, గట్టిపడ్డాక బయటకు తీస్తారు. అచ్చు నుంచి సులువుగా ఊడివచ్చేందుకు వాడే జిడ్డు పదార్థం భాగాలపై కొంత మిగిలిపోవచ్చు. ఆపై చేతి చెమట, నూనె చేరతాయి. ఈ పొరపై రంగుకు పట్టు కుదరదు. అందువల్ల ముక్కలను చట్రం నుంచి వేరు చేయకముందే, గిన్నెలు తోమే ద్రవ సబ్బు కలిపిన గోరువెచ్చని నీటిలో మెత్తని బ్రష్‌తో కడిగి నీడన ఆరబెట్టాలి. మరుగునీరు వాడితే పలుచని భాగాలు వంగిపోతాయి. మే నెలలో ఎండన నిలిపిన కారులో కిట్‌ను వదిలేసినా అదే ప్రమాదం.

ముక్కను చట్రానికి కాస్త దూరంగా కత్తిరించాలి. మిగిలిన బొడిపెను పదునైన కత్తితో కొద్దికొద్దిగా చెక్కి, 400, 600, 1000 నంబరు గరుకు కాగితాలతో వరుసగా రుద్దాలి. అచ్చు రెండు సగాలు కలిసిన చోట ఏర్పడే సన్నని గీతనూ ఇలాగే తొలగించాలి. కాగితాన్ని తడిపి రుద్దితే పొడి గాలిలోకి లేవదు, ఊపిరితిత్తులకు మేలు. అతుకుల సందులను గోడకు పెట్టినట్లే లప్పంతో పూడ్చి, ఆరాక మళ్లీ రుద్దాలి.

తెలుగువారికి ఈ క్రమం కొత్తదేమీ కాదు. కొండపల్లి బొమ్మలకు తెల్ల పొణికి చెక్క ముక్కలను చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికి, సున్నపు పూత వేశాకే రంగులు అద్దుతారు.

ప్లాస్టిక్ నమూనాల్లో ఆ సున్నపు పూత స్థానం ప్రైమర్‌ది. దానిని ఒకేసారి మందంగా కాక పలుచగా రెండు మూడు విడతల్లో వేయాలి. బూడిద రంగు ప్రైమర్‌కు మరో ఉపయోగం ఉంది: కంటికి కనిపించని గీతలు, గుంటలు దానిపై స్పష్టమవుతాయి. అప్పుడు వెనక్కి వెళ్లి సరిదిద్దుకోవడానికి విసుగుపడకూడదు. పూర్తిగా ఆరాక, లోపలివైపు కనిపించని చోట టేపు అంటించి లాగి చూస్తే పట్టు ఎంతో తెలిసిపోతుంది.

రాయ్‌పూర్ వంటి చోట్ల వాతావరణాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. 40 డిగ్రీలు దాటే వేసవిలో స్ప్రే తుంపరలు ఉపరితలాన్ని చేరేలోపే సగం ఆరి గరుకుగా పడతాయి. వానాకాలంలో లక్క తరహా రంగులు గాలిలోని తేమకు తెల్లగా మసకబారతాయి. వేసవిలో ఉదయం వేళ, వర్షాల్లో తెరిపి ఇచ్చిన పొడి రోజున పని పెట్టుకోవడం మేలు. స్ప్రే చేసేటప్పుడు గాలి ఆడే చోటు, ఆవిరులను అడ్డుకునే మాస్కు తప్పనిసరి. గోళ్ల రంగు తుడిచే ద్రావణంలో సాధారణంగా ఉండే అసిటోన్ పాలీస్టైరీన్‌ను కరిగించేస్తుంది కాబట్టి, దానితో భాగాలను తుడవరాదు.